ఆ మొరుగు మా రూబీదే

రాష్ట్ర వేటల కమిషన్ వాళ్ళు తెచ్చిన ప్రతిపాదనలో ఉన్నవి రెండే ముక్కలు. రాత్రిపూట వేటకు వదిలిన కుక్క యజమాని కంటికి కనిపించేంత దగ్గరలోనే ఉండాలి. పరుల స్థలంలో మొరగకూడదు. ఈ రెండు ముక్కలూ రాసినాయన ఎవరో గాని, ఆయన జన్మలో రాత్రినీ చూసి ఉండడు, కుక్కనీ చూసి ఉండడని లిండ్సే కౌంటీ రకూన్ వేటగాళ్ళ క్లబ్బు ఏకగ్రీవంగా తేల్చేసింది. ఆ క్లబ్బు ఏకగ్రీవంగా ఏ సంగతైనా తేల్చడం అదే మొదటిసారి.

కెంటకీ తూర్పు కొండల్లో రాత్రి వేట అంటే తుపాకీ పని తక్కువ, చెవి పని ఎక్కువ. మొహానికి నల్లగుడ్డ కట్టుకున్న దొంగలా ఉండే రకూన్ అనే చిన్న జంతువు చీకటి పడ్డాక మొక్కజొన్న చేలల్లోకి దిగుతుంది. కుక్కలు వాసన పట్టి తరిమి, దాన్ని చెట్టెక్కిస్తాయి. వాటిని వదిలిన మగవాళ్ళు చేసే పని పెద్దగా ఏమీ ఉండదు. గట్టు మీద కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటూ, ఎక్కడో మైలు దూరంలో మోగుతున్న గొంతుల్లో తమ కుక్కది ఏదా అని వింటూ ఉంటారు. చాలాసార్లు రకూన్‌ని చెట్టు మీదే వదిలేసి ఇంటికొచ్చేస్తారు. ఫోన్లో సొంత పెళ్ళాం గొంతు గుర్తుపట్టలేనివాడు కూడా రెండు కొండల అవతల తన కుక్క గొంతు గుర్తుపడతాడు. అలా పట్టలేనివాణ్ణి అక్కడ మనిషి కింద జమ కట్టరు.

డెంజిల్ మాగర్డ్ ఆ క్లబ్బుకి ప్రెసిడెంటు. స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడు. ప్రెసిడెంటయితే అయ్యాడు గాని, ప్రస్తుతం ఆయనకు కుక్క లేదు. రూబీ అనే ఎర్రకుక్క ఒకటుండేది. ఆకులు రాలే కాలంలో లారెల్ గట్టు దగ్గర వేటకు వదిలితే తిరిగి రాలేదు. కొమ్ముబూర ఊది ఊది డెంజిల్ పెదవులు పగిలాయి. తర్వాత ఆ కొండల్లో ప్రతి వేటగాడూ చేసే పనే చేశాడు. కుక్కను వదిలిన చోట తన కోటు విప్పి నేల మీద పరిచి వచ్చాడు. తప్పిపోయిన కుక్క యజమాని వాసన పట్టుకుని ఆ కోటు దగ్గరికి వచ్చి, ఆయన వచ్చేదాకా దాని మీదే పడుకుంటుంది. చిన్నప్పటినుంచి దానికి నేర్పేదే అది. అందుకే అడవిలో కోటు కనిపిస్తే అక్కడివాళ్ళెవరూ ముట్టుకోరు, చర్చిలో కానుకల పళ్ళెం ముట్టుకోనట్టే. డెంజిల్ వెళ్ళి చూస్తే కుక్క లేదు సరికదా, కోటూ లేదు. ఈ లోకంలో ఇంక మంచితనమన్నది మిగల్లేదని ఆయనకు ఆనాడే తెలిసిపోయింది. గింజల కొట్లో, తూటాలమ్మే కొట్లో కాగితాలు అంటించాడు. ఎవరూ కబురు చెప్పలేదు. కుక్క బతికుందో, ఏ లారీ కింద పడిందో తెలియక మనిషి సగమైపోయాడు.

ఇంతలో ఈ ప్రతిపాదన వచ్చి పడింది. దీనికంతటికీ మూలం సెలెస్ట్ హార్‌గ్రోవ్ అనే ఒక పెద్దావిడ. సిన్సినాటిలో లైబ్రరీలో పనిచేసి, జీవితమంతా జనాన్ని నోరు మూసుకోమని చెప్పి చెప్పి అలిసిపోయి, చివరికి నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటూ వచ్చి లారెల్ గట్టు మీద ఇల్లు కొనుక్కుంది. అక్కడ ఇంటి వెనకాల రోజూ రాత్రి ఒక వేటకుక్క తెల్లవార్లూ మొరుగుతోందని కమిషన్‌కి ఫిర్యాదు చేసింది.

క్లబ్బు వాళ్ళకు ఇది బొత్తిగా అర్థం కాలేదు. రూబీ పోయిన దగ్గర్నుంచి అది అచ్చిరాని గట్టని ఎవరూ అటు పోవడం లేదు. మొదటి ఫిర్యాదు రాగానే, ఎవరైనా అటు పోతే సభ్యత్వం పీకేస్తామని గట్టి తీర్మానం కూడా చేశారు. తామెవరూ వెళ్ళని చోట తమ కుక్కలెలా మొరుగుతాయి? కమిషన్ అధ్యక్షుడు డాక్టర్ వూల్‌ఫోక్ పళ్ళ డాక్టరు. క్లబ్బులో సగం మంది పళ్ళు ఆయన పీకినవే. ఆయన డెంజిల్‌తో కాస్త చనువుగా, ఆ కుక్క క్లబ్బు వాళ్ళది కాదని విచారణలో తేలితే ఈ ప్రతిపాదన మూలన పడేస్తామని, తేలకపోతే మాత్రం తన చేతుల్లో ఏమీ లేదని ముందే చెప్పాడు. కాబట్టి అందరూ ఒకే మాట మీద నిలబడాలని నిర్ణయమైంది. ఆ మాటేమిటంటే: ఆ కుక్క మాది కాదు.

విచారణ ఫైరింజన్ల షెడ్డులో పెట్టారు. ఫైరింజన్‌ని బయటికి తీసి ఆ స్థానంలో మడత కుర్చీలు వేశారు. క్లబ్బు సభ్యులంతా ఉతికిన ఓవరాల్స్ వేసుకుని, టోపీలు పెట్టుకుని వచ్చారు. కుక్కల్ని మాత్రం బయట ట్రక్కుల్లో పెట్టెల్లోనే ఉంచారు. ఇంటి దగ్గర వదిలేసి రావచ్చు గదా అంటే, కుక్కల గురించి విచారణ జరుగుతుంటే కుక్కలు లేకపోతే ఏం మర్యాద అన్నారు.

మాట్లాడేవాళ్ళకు మనిషికి రెండు నిమిషాలు. టైము చూడటానికి కమిషన్ గుమాస్తా వాళ్ళింటి వంటగదిలోంచి కోడిపెట్ట ఆకారంలో ఉన్న గంట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాన్ని తిప్పి వదిలితే టిక్కుటిక్కుమని తిరిగి, సమయం అయిపోగానే గణగణ మోగుతుంది. మొదట లేచిన ముసలాయన గొంతు సవరించుకోవడం పూర్తయ్యేసరికి కోడి మోగింది. ఆయన కమిషన్‌కి కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు.

తర్వాత ఎస్టిల్ కోంబ్స్ లేచాడు. ఎస్టిల్, డెంజిల్ పసితనం నుంచి స్నేహితులు, పసితనం నుంచే శత్రువులు. చీకట్లో కుక్క కంటికి కనిపించాలంటే దాని నెత్తిన లాంతరు కట్టాలా, కడితే లాంతరు చూసి రకూన్ పారిపోదా, పారిపోకుండా రకూన్‌కి కళ్ళకు గంతలు కట్టే బాధ్యత కమిషన్ తీసుకుంటుందా అని ఎస్టిల్ వరసగా నిలదీశాడు. ఎక్కడ పరుల స్థలం మొదలవుతుందో కుక్కకు తెలియాలంటే ముందు దానికి చదువు చెప్పించాలని, అందుకు కమిషన్ బడి పెడితే తనకేమీ అభ్యంతరం లేదని కూడా అన్నాడు. గుమాస్తా ఇదంతా శ్రద్ధగా రాసుకుని, బడి అన్న మాట దగ్గర ఆగి, ఎన్నో తరగతి దాకా అని అడిగాడు.

ఆ తర్వాత డెంజిల్ లేచి, క్లబ్బు తరఫున నేర్చుకొచ్చిన నాలుగు మాటలూ ఒప్పజెప్పాడు. మా కుక్కలేవీ ఆ గట్టెక్కడం లేదు, ఆ మొరిగేది మా కుక్క కాదు. డాక్టర్ వూల్‌ఫోక్ తల ఊపాడు. కోడి మోగకముందే డెంజిల్ కూర్చోవడంతో షెడ్డంతా చప్పట్లు కొట్టారు. పని అయిపోయినట్టేనని అందరికీ అనిపించింది.

అప్పుడు సెలెస్ట్ హార్‌గ్రోవ్ లేచింది. సన్నటి మనిషి, బూడిదరంగు స్వెట్టరు. మీ అందరికీ ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండని మొదలుపెట్టి, తను చెప్పేదేమీ లేదని, వినిపించేదే ఉందని చెప్పి, సంచీలోంచి టేపు రికార్డరు తీసి మీట నొక్కింది.

ముందు గాలి చప్పుడు వినిపించింది. తర్వాత ఆ గొంతు వచ్చింది.

షెడ్డులో ఉన్న మగవాళ్ళు ఒక్కొక్కరే టోపీలు తీశారు. తీయమని ఎవరూ చెప్పలేదు. అంత నిండైన గొంతు ఆ కౌంటీలో విని ఎన్నాళ్ళయిందో. లోతుగా మొదలై, బారుగా సాగి, కొసన ఎక్కిలి వచ్చినట్టు చిన్న విరుపుతో తెగుతుంది. మళ్ళీ మొదలవుతుంది. ముందు వరసలో ఒకాయన కళ్ళు మూసుకున్నాడు. గొంతు సవరించుకున్న ముసలాయన చేతిరుమాలు తీశాడు. ఫిర్యాదు ఏమిటి, విచారణ ఏమిటి, తాము వచ్చిన పనేమిటి, అన్నీ అందరికీ ఒక్కసారిగా మరుపున పడ్డాయి.

టేపు ఆగగానే ఎస్టిల్ కోంబ్స్ లేచి నిలబడి, ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"అది మా బాన్‌జో."

వెనక వరసలోంచి ఒకడు, నీ బాన్‌జోకి అంత సీనెక్కడిది, అది మా డాలీ అన్నాడు. ఇంకొకడు ఇద్దరికీ చెవుడేనని, అది ముమ్మాటికీ తన బ్లూ అనీ అన్నాడు. రెండు కొండల అవతల నుంచైనా తమ కుక్క గొంతు తమకు తెలుస్తుందని అందరూ ఒట్టేశారు. అంత మంచి గొంతును అనాథలా వదిలేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇంట్లో పిల్లి తప్ప ఏమీ లేనివాడు కూడా లేచి, అది తను అమ్మేసిన కుక్కపిల్ల అయి ఉంటుందన్నాడు. ఇంకొక్కసారి మొదటినుంచి పెట్టమని సెలెస్ట్‌ని బతిమాలారు. ఆవిడ పాపం పెట్టింది. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ పెట్టింది. మూడోసారి వింటున్నప్పుడు డాక్టర్ వూల్‌ఫోక్ కూడా ముందుకు వంగి, ఇక్కడేగా చెట్టెక్కించింది అని గుమాస్తాని అడిగాడు. అడిగాక తనెవరో గుర్తొచ్చి బల్ల మీద గట్టిగా కొట్టాడు.

"మీరంతా ఏం ఒప్పుకుంటున్నారో తెలుస్తోందా? అర్ధరాత్రి ఆవిడ స్థలంలో మీ కుక్కే మొరిగిందంటే కేసు ఓడిపోయినట్టే."

"రాసుకోండి డాక్టరుగారూ," అన్నాడు ఎస్టిల్. "రేపట్నుంచి వేట మానమంటే మానతాను. ఆ గొంతు మాత్రం ఇంకోడిది అంటే ఊరుకోను."

ఇంతలో కోడి మోగింది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

తగువు తెగేలా లేదని గుమాస్తా ఒక ఉపాయం చెప్పాడు. షెడ్డు తలుపు తెరిచి టేపు గట్టిగా పెడితే ట్రక్కుల్లో ఉన్న కుక్కలు బదులిస్తాయి కదా, ఎవరి గొంతేదో అక్కడే తేలిపోతుందన్నాడు. తలుపు తెరిచారు. టేపు పెట్టారు. బయటున్న కుక్కలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. దాంతో ఒక్కొక్కరి పరువూ వరసగా పోయింది. డాలీది పొట్టి మొరుగు. బ్లూది బొంగురు. బాన్‌జో అయితే కీచుమని ఇంటి తలుపు కిర్రుమన్నట్టు అరిచింది. ఎస్టిల్ మొహం చూడలేక జనం పైకప్పు వైపు చూశారు. దానికి జలుబు చేసిందని ఆయన అన్నాడు గాని, నమ్మినట్టు నటించినవాళ్ళు కూడా లేరు.

ఇంత జరుగుతున్నా డెంజిల్ మాగర్డ్ కుర్చీలోంచి లేవలేదు. మొదటి మొరుగుకే ఆయనకు తెలిసిపోయింది. అది బతికే ఉంది. ఆ గట్టు మీదే ఉంది. లేచి ఆ మాటంటే క్లబ్బు మునుగుతుంది, ప్రెసిడెంటే ఇందాక అబద్ధం చెప్పినట్టవుతుంది, ఇక ఆ కొండల్లో రాత్రి వేట ఉండదు. అనకపోతే, తన కుక్కను తనే కాదన్నవాడవుతాడు. పక్కన కూర్చున్న భార్య ఓపల్‌కీ ఆ గొంతు తెలుసు. అదే గొంతు వాళ్ళింట్లో పదేళ్ళు తిండి తింది.

ఓపల్ ఆయన వైపు తిరక్కుండానే మెల్లగా అంది. "నువ్వు లేస్తావా, నన్ను లేవమంటావా?"

డెంజిల్ లేచాడు.

"అయ్యా, ఇందాక నేను చెప్పింది తప్పు. ఆ మొరుగు మా రూబీదే."

ఈసారి ఎవరూ కాదనలేదు. పేరు వినగానే అందరికీ చెవులు తెరుచుకున్నాయి. ఇంతసేపూ ఎవరికి వారు తమ కుక్కదే అవాలని కోరుకుంటూ విన్నారు గాని, నిజంగా విన్నవాడెవడు?

డాక్టర్ వూల్‌ఫోక్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ప్రెసిడెంటుగారే ఒప్పుకున్నాక తను చేయగలిగిందేమీ లేదన్నాడు. కమిషన్ సభ్యులు చేతులెత్తారు. ప్రతిపాదన అక్షరం పొల్లు పోకుండా ఆమోదం పొందింది, కుక్కల బడి విషయం మాత్రం తర్వాత పరిశీలిస్తామన్నారు. ఎస్టిల్ డెంజిల్ దగ్గరికొచ్చి, "అందరి కొంపా ముంచావు కదరా," అన్నాడు. తనూ అదే కొంప ఇందాకే ముంచబోయాడన్న సంగతి ఆయనకు తట్టినట్టు లేదు.

డెంజిల్ ఇదేమీ వినిపించుకోకుండా నేరుగా సెలెస్ట్ దగ్గరికి వెళ్ళి, అది ఎప్పుడు రికార్డు చేశారమ్మా అని అడిగాడు. మొన్న మంగళవారం అంది ఆవిడ. కుక్క ఎక్కడుందని అడిగాడు. తనకు తెలియదని, దాన్ని కంటితో చూడనే లేదని, చీకట్లో గొంతు వినడమే తప్ప బయటికెళ్ళే ధైర్యం తనకు లేదని చెప్పింది.

"నా కన్నా మా లావెండర్ పరిస్థితి ఘోరం," అంది సెలెస్ట్ బాధగా. "ఎక్కణ్ణుంచో వచ్చి నా దగ్గర చేరింది పాపం. నోట్లో నాలుక లేని కుక్క. పగలంతా సోఫా మీదే నిద్రపోతుంది. రాత్రి వరండాలో పడుకోబెడతానా, ఆ గొడవకి దానికి నిద్రే ఉండదు. పొద్దున్న తలుపు తీసేసరికి కాళ్ళనిండా బురదతో, అలిసిపోయి పడి ఉంటుంది."

చుట్టూ ఉన్న మగవాళ్ళు తమ బూట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. చివరికి డాక్టర్ వూల్‌ఫోక్, పన్ను పీకే ముందు వాడే గొంతుతో, లావెండర్ ఏ రంగులో ఉంటుందమ్మా అని అడిగాడు. ఎర్రగా ఉంటుందంది సెలెస్ట్.

మర్నాడు పొద్దున్న డెంజిల్ ఒక్కడే ఆ గట్టెక్కాడు. ఇంటి చుట్టూ చెట్లకు పిట్టల కోసం గింజల డబ్బాలు వేలాడుతున్నాయి. అవి పగలు పిట్టలకైతే రాత్రి ఎవరికో ఆయనకు చూడగానే తెలిసింది. ఆ కౌంటీలో ఉన్న రకూన్లన్నీ అక్కడే విందు చేసుకుంటున్నట్టున్నాయి. వరండాలో మేకుకి ఆయన కోటు వేలాడుతోంది.

చెత్త ఏరుతూ అడవిలోకి వెళ్ళినప్పుడు దొరికిందని సెలెస్ట్ చెప్పింది. ఎవరో పారేసిపోయారనుకుని ఇంటికి తెచ్చి, సొంతదారు వస్తే ఇద్దామని అక్కడ తగిలించిందట. మర్నాడే ఈ కుక్క వచ్చి సరిగ్గా దాని కింద పడుకుందట. ఉతుకుదామని తీయబోతే గుర్రుమందట. అంత సౌమ్యంగా ఉండే లావెండర్ గుర్రుమన్నది ఆ ఒక్కసారేనంది. డెంజిల్‌కి అంతా అర్థమైంది. ఇల్లు రెండు కొండల అవతలే ఉన్నా రూబీ ఎందుకు రాలేదో కూడా అర్థమైంది. కోటు ఉన్న చోట ఆగమని నేర్పింది తనే.

లోపల సోఫా మీద, పూల దిండు మీద తల పెట్టుకుని రూబీ పడుకుని ఉంది. మెడకు ఊదారంగు రిబ్బను. బాగా ఒళ్ళు చేసింది. డెంజిల్ ఇంకా పేరు పెట్టి పిలవనే లేదు. రూబీ ముక్కు ముందు కదిలింది, తర్వాత చెవులు, తర్వాత కుక్క మొత్తం. దిగివచ్చి ఆయన మోకాళ్ళ మధ్య తల దూర్చి, అలాగే నిలబడిపోయింది. డెంజిల్ అక్కడే నేల మీద చతికిలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

ఇది చూశాక కూడా సెలెస్ట్‌కి నమ్మకం కుదరలేదు. ఈ నోరులేని జీవానికీ ఆ గొంతుకీ సంబంధమేమిటని అడిగింది. టేపు పెట్టమన్నాడు డెంజిల్. ఆవిడ పెట్టింది. ఆయన నేల మీద కూర్చునే, ఒక చేయి రూబీ వీపు మీద వేసి, చెబుతూ పోయాడు. ఇదిగో ఇక్కడ వాసన తగిలింది. ఇది అనుమానం. ఇక్కడ వాగు దాటింది, వాసన పోయింది, వెనక్కి వచ్చింది. ఇప్పుడు దొరికింది. ఇక్కడ చెట్టెక్కించింది. లైబ్రరీ మనిషి కదా, సెలెస్ట్ తల పక్కకు వంచి శ్రద్ధగా విన్నది.

"మరి చెట్టెక్కించేసిందిగా. ఇంకా ఎందుకు మొరుగుతోంది?"

"ఇది మొరగడం కాదమ్మా. పిలవడం."

"ఎవర్ని?"

"నన్ను."

సెలెస్ట్ రూబీ వైపు చూసింది. "ఎంతసేపు పిలుస్తుంది?"

"నేను వెళ్ళేదాకా. పని అయిపోయింది, ఇక్కడున్నాను, రా అని. నేనొచ్చి తల మీద చెయ్యి వేస్తే గాని చెట్టు వదలదు. ఎవరూ రాకపోతే తెల్లారేదాకా పిలుస్తుంది. తెల్లారాక ఇంక కోటు దగ్గరికొచ్చి పడుకుంటుంది."

రాత్రి రాత్రంతా తల మీద దిండు పెట్టుకుని పడుకున్నది తలుచుకుని సెలెస్ట్ మొహం పాలిపోయింది. తర్వాత ఆవిడకు ఇంకో సంగతి తట్టింది. దెప్పడానికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

"మాగర్డ్‌గారూ, రెండు కొండల అవతల నుంచైనా మీకు వినపడుతుందని నిన్న అందరూ చెప్పారు. మీ ఇల్లు ఆ అవతలే కదా. మరి ఇన్నాళ్ళూ మీరెందుకు రాలేదు?"

డెంజిల్ రూబీ మెడకున్న రిబ్బను సర్దాడు.

"ఇది పోయాక ఇంకోడి కుక్క గొంతు వినబుద్ధి కాలేదమ్మా," అన్నాడు. "చీకటి పడగానే కిటికీలన్నీ మూసేసి, టీవీ గట్టిగా పెట్టుకుని పడుకునేవాణ్ణి."

సెలెస్ట్ చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగిపోయింది. టేపులో రూబీ పిలుస్తూనే ఉంది. అది అయిపోయేదాకా ఇద్దరూ అక్కడే కూర్చుని విన్నారు.